లీకు ప్రారంభోత్సవం

ప్రభుత్వ కార్యాలయాల్లో ఇకమీదట ఏ వస్తువూ అరగరాదని ఢిల్లీ నుంచి సర్క్యులర్ వచ్చింది. ఆ కార్యక్రమానికి ‘అరుగుదల రహిత కార్యాలయం’ అని పేరు పెట్టారు. ఎక్కడ అరుగుదల అందరికంటే తక్కువో ఆ కార్యాలయానికి డాలు, దాని అధిపతికి ఢిల్లీలో పెద్ద పదవి. తపాలా ఆఫీసులకూ పశువుల ఆస్పత్రులకూ వచ్చినట్టే ఆ సర్క్యులర్ విశాఖపట్నం పొలిమేరల్లో కొండవాలున ఉన్న లోహ అరుగుదల పరిశోధన సంస్థకూ వచ్చింది.

లోహాలు ఎలా అరుగుతాయో కనిపెట్టడానికే ఆ సంస్థను పెట్టారు. లోహాన్ని అరగదీయడం, ఎంత అరిగిందో తూచడం, తూచింది రాసి పంపడం, అక్కడి పని అంతే. కాబట్టి సర్క్యులర్ తమకు వర్తించదని డాక్టర్ మైలపల్లి నీలవేణి అనుకుంది. ఉద్యోగంలో చేరి చాలా ఏళ్ళయినా ఆమెకు అప్పుడప్పుడు ఇలాంటి ఆలోచనలు వస్తూనే ఉండేవి.

“అందరికంటే ముందు మనకే వర్తిస్తుందమ్మా,” అన్నారు డైరెక్టర్ పరబ్రహ్మం గారు మీటింగులో. “పేరులోనే అరుగుదల పెట్టుకుని కూర్చున్నాం. సోదా మొదలైతే మొదటి అనుమానం మన మీదే. సదరు సర్క్యులర్ స్ఫూర్తిని యావన్మందీ త్రికరణశుద్ధిగా ఆచరణలో పెట్టవలసిందిగా కోరుతున్నాను.”

ఆచరణలో పెట్టే భారం పరిపాలనాధికారి గంటి సూర్యం గారి మీద పడింది. మెట్లు అరుగుతున్నాయి గనక అందరూ మెట్టు విడిచి మెట్టు ఎక్కాలన్నారు ఆయన. పెన్సిలు చెక్కకూడదు. రబ్బరుతో చెరపకూడదు; తప్పు రాసినవాళ్ళు దాన్నే ఒప్పుగా భావించి ముందుకు సాగాలి. బల్లలు ఈడిస్తే గచ్చు అరుగుతుందని ఒక సెక్షను నుంచి ఇంకో సెక్షనుకు బదిలీలు ఆపేశారు. ఇది మాత్రం సూర్యం గారు కన్నీళ్ళు దిగమింగుకుని సంతకం పెట్టిన ఉత్తర్వు. బదిలీలంటే ఆయనకు ప్రాణం. ఉదయం ఒకరిని ఎక్కడి నుంచైనా ఎక్కడికైనా మారిస్తే తప్ప ఆయనకు కాఫీ రుచించేది కాదు.

క్యాంటీన్లో రుబ్బురోలు మూలపడింది. ఇడ్లీలోకి పచ్చడి పోయి కారప్పొడి వచ్చింది. కారప్పొడి తిని కడుపుబ్బరం తెచ్చుకున్నవాళ్ళు సంస్థ డిస్పెన్సరీకి వెళితే డాక్టరు చేతులెత్తేశాడు. మందు సీసా మీద ‘అరుగుదలకు’ అని స్పష్టంగా అచ్చువేసి ఉంది. సర్క్యులర్ అమల్లో ఉండగా అరుగుదలను ప్రోత్సహించే మందు ఇవ్వలేనన్నాడు. అరక్కపోవడమే ప్రస్తుతం ప్రభుత్వ విధానమట.

ఇవన్నీ నీలవేణికి పట్టలేదు. ఆమె మనసు జల్లెడ మీద ఉంది.

ఉపగ్రహం తన చోటు నుంచి పక్కకు జారిపోకుండా నిలబెట్టే చిన్న ఇంజను ఒకటి ఉంటుంది. అది గాలిలో బహు అరుదుగా దొరికే, దేనితోనూ కలవని జెనాన్ అనే వాయువును అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఎక్కిన అణువులుగా మార్చి, సన్నని కన్నాలున్న లోహపు జల్లెడ గుండా మహావేగంతో బయటికి విసురుతుంది. ఆ విసురుకే ఉపగ్రహం కదులుతుంది. విసిరినవాటిలో కొన్ని దారితప్పి జల్లెడనే కొడతాయి. అలా కొట్టినప్పుడు జల్లెడ నుంచి లోహపు అణువులు ఊడిపోతుంటాయి. కొత్త ఉపగ్రహానికి పెట్టబోయే జల్లెడ ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పమని ఉపగ్రహాల శాఖవాళ్ళు ఈ సంస్థకు పంపారు. 

ప్రయోగం ఒక పెద్ద ఉక్కు తొట్టిలో జరుగుతుంది. పంపులు పెట్టి దానిలోని గాలిని తోడేస్తారు. ఎంత తోడినా కాస్త మిగులుతుంది. ఆ మిగిలిన గాలి పోయి జల్లెడకు అంటుకుని పలచటి దుప్పటిలా పరుచుకుంటుంది. అయాన్లు వచ్చి చాలావరకు ఆ దుప్పటినే కొడతాయి, లోహం బతికిపోతుంది. ఊడిన గాలి స్థానంలో మళ్ళీ గాలి వచ్చి కూర్చుంటుంది. నీలవేణి తొట్టి తలుపుకున్న, గాలి చొరబడుతున్న పాత సీలు తీయించి కొత్తది వేయించింది. రెండో పంపు కూడా పెట్టించి, గాలిని ఇంకా తోడించి చూసింది. జల్లెడ మూడింతలు వేగంగా అరిగింది. 

అంతరిక్షంలో గాలీ లేదు, దుప్పటీ లేదు. అంటే ఇక్కడ తూచి పదేళ్ళు ఆగుతుందనుకున్న జల్లెడ అక్కడ మూడేళ్ళకే చిల్లులు పడిపోతుంది. జల్లెడకు చిల్లులు ఎలాగూ ఉండేవే గనక, చిల్లులన్నీ కలిసి ఒకే చిల్లవుతాయని చెప్పడం సబబు.

ఆ ఉపగ్రహం తుపాను కబుర్లు చెప్పే ఉపగ్రహం. నడిసముద్రంలో ఉన్న పడవలకు అది సైగ పంపితే పడవలోని పెట్టె కూస్తుంది. నీలవేణి తండ్రి ఎర్రన్న కళింగపట్నం అవతల ఒక పల్లె నుంచి ఇప్పటికీ వేటకు వెళ్తాడు. ఆయన పడవలోనూ అలాంటి పెట్టె ఉంది.

“పాతది మూలుగుతన్నాదే అమ్మా,” అన్నాడాయన ఫోనులో. “ఒకప్పుడు కూత్తాది, ఒకప్పుడు కుయ్యదు. కొత్తది ఎగరేత్తారన్నావు గదా. అదైనా నాలుగేళ్ళు నిలబడతాదా?”

“నిలబెడతాను నాన్నా,” అంది నీలవేణి.

ఆమె నివేదిక రాసి డైరెక్టరు గారికి ఇచ్చింది. లోహానికి అంటుకున్న వాయువుల వల్ల ఇక్కడ అరుగుదల తక్కువగా కనిపిస్తోందనీ, అంతరిక్షంలో అలా జరగదనీ, జల్లెడ మందం పెంచకపోతే ప్రమాదమనీ అందులో రాసింది. పరబ్రహ్మం గారు మొదటి వాక్యం చదివి కళ్ళజోడు తీశారు. ముఖం వెలిగిపోతోంది.

“వాయువులు అంటుకుంటే అరుగుదల తగ్గుతుందా?”

“తగ్గుతుందండీ. కానీ—”

“ఎంత తగ్గుతుంది?”

“మూడో వంతుకు పడిపోతుందండీ. కానీ అది నిజమైన—”

“ఇన్ని సదుపాయాలిచ్చి, ఇన్ని జీతాలిచ్చి మనం సాధించలేనిది గాలి సాధిస్తోందన్నమాట, అదీ ఉచితంగా. మరి మీరేం చేశారు? కొత్త సీలు వేసి ఆ గాలిని బయటికి గెంటారు! ప్రభుత్వ ఆస్తిని కాపాడుతున్నదాన్ని గెంటేశారు!”

“సార్, అంతరిక్షంలో గాలి ఉండదండీ.”

“అది అంతరిక్షం లోపం, మన సంస్థ లోపం కాదు,” అన్నారు పరబ్రహ్మం గారు. “మన పరిధి ప్రహరీ గోడ వరకే.”

ఆ సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. తొట్టికి పాత సీలు తిరిగి బిగించాలి. దాని ద్వారా లోపలికి వచ్చే గాలిని ఇకమీదట లోపంగా పరిగణించరాదు. అది ‘అధికారిక లీకు’. 

అధికారికమైనదాన్ని ఊరికే మొదలుపెట్టరు గనక, లీకుకు ప్రారంభోత్సవం పెట్టారు. తొట్టికి మామిడాకులు కట్టారు. పూజకు గంధం అరగదీయకూడదు గనక గంధపు చెక్కను చెక్కగానే చూపించి దండం పెట్టారు. కొబ్బరికాయ కొట్టాక, డైరెక్టరు గారు తలుపు సీలు దగ్గర కట్టిన ఎర్ర రిబ్బను కత్తిరించారు. లీకు అప్పటికే మొదలైపోయి ఉండటంతో రిబ్బను కొసలు రెండూ తొట్టివైపు మెల్లగా లాక్కుపోయి అతుక్కున్నాయి. అది శుభసూచకమని అందరూ చప్పట్లు కొట్టారు. ‘ఈ లీకు శ్రీయుత పరబ్రహ్మం గారి స్వహస్తములతో ప్రారంభింపబడినది’ అని రాతిఫలకం కూడా బిగించారు.

“ఈ వాయువులు ఏమాత్రం ప్రతిఫలాపేక్ష లేకుండా, ఎండనక వాననక, ప్రభుత్వ లోహాన్ని అంటిపెట్టుకుని ఉన్నాయి,” అన్నారు పరబ్రహ్మం గారు ఉపన్యాసంలో. “మన ఉద్యోగుల్లో ఎందరు అలా అంటిపెట్టుకుని ఉంటున్నారో గుండె మీద చెయ్యి వేసుకుని ఆలోచించుకోవాలి.”

అరుగుదల మూడో వంతుకు పడింది. కొండ కింద ఉన్న చేపల పరిశోధన కేంద్రంలో అంతకంటే తక్కువని తెలిసి పరబ్రహ్మం గారికి నిద్ర పట్టలేదు. చేపలు అరగవు, ఆ కేంద్రానికి అది అన్యాయమైన అనుకూలత అని ఢిల్లీకి రాశారు. జవాబు రాలేదు. దాంతో రెండో పంపు ఆపించారు.

మర్నాడు నీలవేణి తొట్టి దగ్గరికి వెళ్ళేసరికి పంపు ఆపరేటరు సింహాచలం గోడకైనా ఆనుకోకుండా, గది మధ్యలో నిలబడి ఉన్నాడు.

“ఒకటో పంపు కూడా ఆపీమన్నారమ్మా,” అన్నాడు. “తిరిగితే బేరింగులు అరిగిపోతాయంట. మరి నానేటి సెయ్యాలండీ అంటే పంపు పక్కన ఉండమన్నారు. కూకుంటే కుర్సీ అరుగుతాదంట, ఆనుకుంటే గోడ సున్నం రాలుతాదంట. ఇలగ నిల్సున్నాను.”

“పంపు లేకపోతే ప్రయోగం ఎలా జరుగుతుంది, సింహాచలం?”

“జరగకపోతే అరగదు గదమ్మా. ఆలకి కావాల్సింది అదే.”

జల్లెడను తీసి తూచారు. నీలవేణి తూనికను రెండుసార్లు సరిచూసింది. జల్లెడ బరువు తగ్గలేదు సరిగదా, పెరిగింది. గాలి తగిలి, వేడికి చిలుము పట్టి, పైన ధూళి చేరి, వచ్చినప్పటికంటే కాస్త బరువెక్కింది. 

ఈ సంగతి పరబ్రహ్మం గారికి తెలిసినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. 

“అరుగుదల లేదు. పెరుగుదల! ప్రభుత్వ ఆస్తి పెరిగింది! ఈ దేశంలో ఇది ఏ శాఖకైనా సాధ్యమైందా?”

“అది చిలుమండీ,” అంది నీలవేణి.

“ఎదుగుదలను చూసి ఓర్వలేనివాళ్ళు చిలుమంటారు.” 

ఇంకెందుకు మొహమాటమని తొట్టి తలుపు కూడా బార్లా తీయించారు. కొండగాలి ధారాళంగా లోపలికి వచ్చింది, ఒక పిచ్చుక కూడా వచ్చింది. అయాన్లు పుట్టనే లేదు. జల్లెడ ఈ లెక్కన యుగాంతం దాకా నిలుస్తుందని ధ్రువపత్రం తయారైంది. సంతకం చేయాల్సింది డైరెక్టరూ, ప్రయోగం నడిపిన శాస్త్రవేత్తానూ. డైరెక్టరు గారి సంతకం పెద్దగా, గర్వంగా పడింది. పక్కన నీలవేణి పేరు కింద జాగా ఖాళీగా ఉంది. ఉపగ్రహాల శాఖ ఇంజనీరు రెండు వారాల్లో వచ్చి జల్లెడనూ ధ్రువపత్రాన్నీ పట్టుకుపోతాడు.

“సంతకం పెట్టనండీ,” అంది నీలవేణి.

“పెట్టకపోతే వచ్చే నష్టం ఏమిటో తెలుసా?” అన్నారు పరబ్రహ్మం గారు నెమ్మదిగా. “ఢిల్లీవాళ్ళు నన్ను పిలవరు. నేను ఇక్కడే ఉండిపోతాను. మీ పైనే. రిటైరయ్యే దాకా.”

అది నిజంగానే పెద్ద బెదిరింపు. నీలవేణి చెమటలు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఎవరికి చెప్పుకోవాలి? ఉపగ్రహాల శాఖకు విడిగా ఉత్తరం రాస్తే అది తిరిగి డైరెక్టరు గారి అభిప్రాయం కోసం ఇక్కడికే వస్తుంది. ఊరుకుంటే జల్లెడ పైకి వెళుతుంది. మూడేళ్ళ తరవాత ఒక రోజు గాలివాన ముంచుకొస్తుంటే తండ్రి పడవలో పెట్టె నోరు మూసుకుని కూర్చుంటుంది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ మెట్టు విడిచి మెట్టు దిగుతుంటే కింద వరండాలో సూర్యం గారు కనిపించారు. కిటికీలోంచి శూన్యంలోకి చూస్తున్నారు. మనిషి సగమయ్యారు.

“ఒంట్లో బాగాలేదా అండీ?”

“ఏం చెప్పమంటావమ్మా,” అన్నారాయన. “ఎన్నాళ్ళయిందో ఒక్క బదిలీ చేసి! నిన్న ఇంట్లో ఉండబట్టలేక గోలెంలో తులసిని పెరట్లోంచి వసారాలోకి మార్చాను. మనసు నిండలేదు.”

నీలవేణి కళ్ళు తుడుచుకోవడం ఆపేసింది. ఆయన వైపు చూస్తూ కాసేపు ఆలోచించింది.

“సూర్యం గారూ, ఒక సందేహం. అయాను తగిలి జల్లెడ నుంచి లోహపు అణువు లేస్తుందనుకోండి. అది ఎక్కడికీ పోదు. వెళ్ళి తొట్టి గోడకు అతుక్కుంటుంది.”

“తొట్టి మనదేనా?”

“మనదేనండీ.”

“అణువు మనదేనా?”

“ప్రస్తుతానికి మన అధీనంలోనే ఉందండీ.”

సూర్యం గారి వెన్ను మెల్లగా నిటారుగా అయింది. “మరైతే దాన్ని అరుగుదల అంటారేమిటమ్మా? ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను గుమాస్తా స్టోర్సులోకి వెళితే సంస్థ అరిగిపోయిందంటామా? అది... అది... అది బదిలీ!”

“నాకు తట్టనే లేదండీ,” అంది నీలవేణి.

“అణువులు ఎన్ని ఉంటాయి?”

“లెక్కపెట్టలేమండీ. కోటానుకోట్లు.”

ఆయన గోడ పట్టుకున్నారు, సున్నం సంగతి మరిచిపోయి. “కోటానుకోట్ల బదిలీలు! మరి జరగడం లేదేం?”

“ఎలా జరుగుతాయండీ? గాలి పోయి అణువుల మీద కూర్చుంది, కదలనివ్వడం లేదు. ఒకవేళ కదిలినా దారంతా గాలి అడ్డం. కొత్త చోటికి చేరలేవు.”

“బదిలీలను అడ్డుకుంటున్నాయా! బయటినుంచి వచ్చిన వాయువులు మన సిబ్బందిని అంటిపెట్టుకుని ఉత్తర్వులను నిలిపేస్తున్నాయా!” సూర్యం గారి కళ్ళు ఎర్రబడ్డాయి. “ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, బదిలీ అనగానే ఎవడో ఒకడు బయటినుంచి వచ్చి అంటుకుంటాడు. ఇప్పుడు గాలి కూడానా?”

ఆయన ఆ ఊపులోనే డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళారు. పరబ్రహ్మం గారు మొదట అనుమానపడ్డారు. అరుగుదల పట్టికలో ఏం రాయాలని అడిగారు. సున్నా అన్నారు సూర్యం గారు. అణువులన్నీ సంస్థలోనే ఉన్నాయి గదా. ఎంత బదిలీ అయినా అరుగుదల సున్నాయే. పైగా ఇంత పెద్ద ఎత్తున బదిలీలు సజావుగా జరిపిన కార్యాలయం దేశంలో మరొకటి ఉండదు. పరబ్రహ్మం గారు కాసేపు కళ్ళు మూసుకుని, రెండు డాళ్ళు పక్కపక్కన ఊహించుకుని, సరేనన్నారు.

ఒక్క చిక్కు మిగిలింది. లీకును మూయాలి, కానీ డైరెక్టరు గారు ప్రారంభించినదాన్ని మూసెయ్యడం మర్యాద కాదు. సూర్యం గారు దానికీ దారి చూపారు. లీకును మూయలేదు, దీర్ఘకాలిక సెలవు మీద పంపారు. ఆ స్థానంలో కొత్త సీలు తాత్కాలిక ప్రాతిపదికన బాధ్యతలు స్వీకరించింది. ‘బయటి వాయువులను తక్షణమే ఖాళీ చేయించవలెను’ అన్న ఉత్తర్వు చేతిలో పడగానే సింహాచలం రెండు పంపులూ వేశాడు. 

“కూకోవచ్చా అమ్మా?” అన్నాడు.

“కూర్చో,” అంది నీలవేణి. “ఎవరైనా అడిగితే కుర్చీలోకి బదిలీ అయ్యానని చెప్పు.”

ప్రయోగం పగలూ రాత్రీ నడిచింది. సూర్యం గారు రోజూ పొద్దున్నే వచ్చి తొట్టికి ఉన్న గాజు కిటికీలోంచి నీలిరంగు వెలుగును చూస్తూ నిలబడేవారు. ఇంటికెళ్ళి కాఫీ తృప్తిగా తాగేవారు. జల్లెడ మీది అణువులు మూడింతలు వేగంగా గోడకు చేరాయి. ఆ లెక్క ప్రకారం మూడేళ్ళు గడిచేసరికి జల్లెడలో కీలకమైన సిబ్బంది అంతా బదిలీ అయిపోయి, చిల్లులన్నీ ఒకటవుతాయి. నీలవేణి అదే మాటను అక్షరం మార్చకుండా ‘బదిలీల నివేదిక’లో రాసింది. దాని కింద సంతోషంగా సంతకం పెట్టింది.

ఉపగ్రహాల శాఖ ఇంజనీరు రోణంకి జగన్నాథం వచ్చాడు. సన్నగా, మాటలు తక్కువగా ఉండే మనిషి. పరబ్రహ్మం గారు శాలువా కప్పి, నీలవేణి సంతకం లేకుండానే యుగాంత ధ్రువపత్రం చేతికిచ్చారు. సూర్యం గారు బదిలీల నివేదిక ఇచ్చారు. జగన్నాథం రెండూ చదివాడు. తరవాత నీలవేణి వైపు తిరిగాడు.

“పంపులు నడుస్తున్నప్పుడు తీసిన లెక్క ఏదండీ?”

“బదిలీలదండీ.”

“అయితే అంతరిక్షంలో కూడా ఇదే వేగంతో... బదిలీలు జరుగుతాయి.”

“ఇంతే వేగంతో. అక్కడ అడ్డుకునేవాళ్ళెవరూ లేరండీ.”

జగన్నాథం ధ్రువపత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, నివేదికను సంచిలో పెట్టుకున్నాడు. ఆ వారమే జల్లెడ మందం పెంచమని ఆర్డరు వెళ్ళింది. నీలవేణి ఆ కబురు తండ్రికి ఫోనులో చెప్పింది. ఎర్రన్నకు జల్లెడ సంగతి అర్థమైంది గానీ మిగతాది కాలేదు. “అణువులకి బదిలీలేటే? మీ ఆఫీసులో మడుసులు బానే ఉన్నారా?” అని అడిగాడు. బాగానే ఉన్నారని చెప్పింది.

పరబ్రహ్మం గారికి డాలు వచ్చింది. ఢిల్లీకి వెళ్ళిపోయారు. క్యాంటీన్లో పచ్చడి తిరిగి మొదలైంది.

ఏడాది చివర ఆడిటు జరిగింది. ఆడిటరు వేదుల యజ్ఞనారాయణ గారు గట్టి మనిషి. ఆయన పేరు చెబితే పక్క జిల్లాలో కూడా గుమాస్తాలు సెలవు పెట్టేవారు. ఆయన అన్నీ వదిలేసి బదిలీల నివేదిక పట్టుకుని నీలవేణిని పిలిపించారు. సూర్యం గారు ఆమె వెనక నిలబడి చేతులు నలుపుకుంటున్నారు.

“ఒక్క ఏడాదిలో కోటానుకోట్ల బదిలీలు,” అన్నారు ఆడిటరు. “ఒక చోట మూడేళ్ళు పూర్తికాకుండా ఎవర్నీ కదపకూడదని నిబంధన ఉంది. తెలుసా?”

“తెలుసండీ.”

“మరి ఎవరు కదిపారు?”

నీలవేణికి అబద్ధం చెప్పాలనిపించలేదు. “జెనాన్ అండీ,” అంది.

యజ్ఞనారాయణ గారి కలం ఆగింది. “జెనాన్ గారా?” ఆయన గొంతు కొంచెం తగ్గింది. “ఎక్కడివారు? పై నుంచా?”

తొట్టిలో అయాన్లు పైనుంచి కిందికే వస్తాయి. “పై నుంచేనండీ.”

“మనిషి ఎలాంటివారు?”

“చాలా వేగమండీ. ఎవరితోనూ కలవరు. దేన్నీ అంటుకోరు. ఎదురైనవాళ్ళని మాత్రం ఊరికే వదలరు.”

ఆడిటరు గారు తల పంకించారు. ఆయన కళ్ళలో చాలా ఏళ్ళుగా లేని గౌరవం కనిపించింది. 

“అలాంటి అధికారులు ఈ రోజుల్లో అరుదమ్మా,” అని అభ్యంతరం కొట్టేసి సంతకం పెట్టారు.

“అరుదేనండీ,” అంది నీలవేణి. “గాలిలో వెతికినా ఎక్కడో ఒకటీ అరా దొరుకుతాయి.”